అప్‌డేట్: ఆర్గన్ వింటూ టాటింగ్

ఆర్గన్ (చర్చిల్లో వాయించే పెద్ద పైపుల వాద్యం) సంగీతం వింటూ టాటింగ్ (షటిల్ అనే చిన్న దారపు కండెతో ముడులు వేస్తూ లేసు అల్లడం) చేస్తుంటే ముడుల లెక్క తప్పుతోంది, ఏం చేయమంటారని అడిగాను కదా. పికాట్లను, అంటే ముడుల మధ్య వదిలే చిన్న దారపు ఉచ్చులను, గుర్తుగా పెట్టుకోమన్న సలహా భలే పనిచేసింది. ఐదేసి డబుల్ స్టిచ్‌లకు (రెండు సగాలతో పూర్తయ్యే టాటింగ్ ముడులు) ఒక పికాట్ వచ్చే డిజైన్ తీసుకున్నాను, వేలితో తడిమితే ఎక్కడున్నానో తెలిసిపోతోంది. ముడి చేతికి చుట్టిన దారంతోనే, షటిల్ దారం చుట్టూ పడాలి. లేకపోతే రింగు, అంటే ఆ ముడుల వలయం, బిగుసుకోదు. అదీ ఇప్పుడు వేళ్లే చూసుకుంటున్నాయి.

బాబిన్ లేస్ (చిన్న కండెలకు చుట్టిన దారాలను దిండు మీద అల్లే లేసు) మాత్రం కుదరట్లేదు. గుండుసూదులు, నమూనా చూస్తూ కండెల జతలు మార్చుకోవాలి, ఫ్యూగ్‌లో (ఒకే బాణీని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన) ఒక్కో గొంతూ వచ్చి చేరేసరికి నా చూపు ఎటో పోతుంది. ఇక ఆర్గన్ పెడల్స్‌లో (కాళ్లతో వాయించే మెట్లు) 16 అడుగుల స్టాప్ (ఒకే రకం పైపుల వరస), అంటే రాసిన స్వరానికి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలికేది, గుమ్మని మోగిందంటే షటిల్ కూడా ఆగాల్సిందే. దానికి మందు లేదులెండి!