పికప్ ఛాసిస్‌కి ప్లేటు వెల్డింగ్ చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది ఉద్దానం, కవిటి దగ్గర. మా తమ్ముడు సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాడు. తోటల్లో కొబ్బరికాయలు ఎత్తి పలాస వైపు వేస్తాడు. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. తోట దారిలో వెనక చక్రం ఒకటి గోతిలో దిగితే మాత్రం క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు ఒక పక్క తగ్గిపోతుంది, ఇంకో పక్క పెరుగుతుంది. చూస్తుంటే టెన్షన్‌గా ఉంటోంది.

దీని ఛాసిస్ (బండి అడుగు చట్రం) దూలాలు సి ఆకారంలో ఉన్నాయి, అంటే ఒక పక్క తెరిచి ఉంటాయి. ఇలాంటి దూలం పైనుంచి పడే బరువును బాగానే మోస్తుంది కానీ మెలికకు సులువుగా లొంగుతుంది. నాలుగు వైపులా మూసిన దూలం అంత తేలిగ్గా మెలి తిరగదు. అయితే ఆ లొంగుబాటు కూడా గతుకుల్లో చక్రాలు నేలను వదలకుండా సాయపడుతుంది కదా! పెద్ద లారీలు ఎక్కువగా సి ఛానల్ మీదే నడుస్తున్నాయి.

మేస్త్రీ ఏమో క్యాబిన్ వెనక నుంచి కమాన్ కట్ట బ్రాకెట్ దాకా దూలం తెరిచిన పక్కను ప్లేటు వేసి మూసేద్దామంటున్నాడు. ప్లేటు ఆగినచోటే ఒత్తిడంతా చేరి చీలిక వస్తుందని నా భయం. పైగా మాది సముద్రపు గాలి, మూసిన దూలం లోపల తుప్పు పట్టినా కనిపించదు.

ఇలా చేయించినవాళ్లున్నారా? ప్లేటు చివరలు నిలువుగా కోశారా, ఏటవాలుగానా? వెల్డింగ్ మానేసి బోల్టులతో అడ్డదూలం ఒకటి వేయిస్తే చాలా? ఛాసిస్ దూలాలను కలిపే రివెట్లు వదులయ్యాయో లేదో ఎలా చూడాలి? తమ్ముడి ఇల్లు గడిచేది ఈ బండి మీదే. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, అంతవరకు మేస్త్రీని ఆగమన్నాం.