జీతం అడుగుదామని వెళ్లి ఫైలు పట్టుకొచ్చాను

బెజవాడ లెక్కలు:
వన్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్ షాపులో నాలుగేళ్ల నాలుగు నెలలుగా అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 22,000. మార్చిలో బిల్లింగ్ కుర్రాడు మానేశాడు. "కొత్తవాడు దొరికేదాకా కాస్త చూసిపెట్టమ్మా" అన్నారు సార్. ఏడు నెలలైంది, ఎవరూ రాలేదు. సరుకు లారీతో పాటు పంపే ఈ-వే బిల్లులు కూడా నేనే చేస్తున్నాను. నెలనెలా జీఎస్టీ రిటర్న్‌లు, అంటే 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చి కట్టే 3బి ఎలాగూ ఉన్నాయి. ఏడింటికి ఇంటికెళ్లేదాన్ని, ఇప్పుడు తొమ్మిదవుతోంది.

మొన్న సోమవారం ధైర్యం చేసి కేబిన్‌లోకి వెళ్లాను. ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు ప్రాక్టీస్ చేశాను కూడా. సార్ తలెత్తి "ఏమ్మా, టీ తాగావా?" అన్నారు. అంతే. "తాగాను సార్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫైలు కోసం వచ్చాను" అనేశాను. దాంతో నాకేం పని లేదు. సాయంత్రం దాకా టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. కసురుకునే మనిషైతే ఈపాటికి అడిగేసేదాన్నేమో. ఈ మొహమాటం ఎవరికైనా పోయిందా? ఎలా అడిగారు?

గోదారి గట్టు:
టేబుల్‌కి అవతల వైపు పద్దెనిమిదేళ్లు కూర్చున్నవాణ్ణి, చెబుతా విను తల్లీ. 20 లోపు అడగకు, "ముందు రిటర్న్ సంగతి చూడు" అంటారు. 22న, భోజనాలయ్యాక వెళ్లు. నిలబడి మాట్లాడకు, కుర్చీ లాక్కుని కూర్చో. కూర్చున్నాక ఫైలు కోసం వచ్చానని చెప్పడం కష్టం!

మార్చికి ముందు నీ పనేంటి, ఇప్పుడేంటి, ఒక్క కాగితం మీద రాసుకెళ్లు. రిటర్న్ ఎప్పుడూ లేటవలేదంటే అదీ రాయి. 3బి లేటైతే రోజుకు 50 ఫీజు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అని ఆయనకీ తెలుసు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మాత్రం ఎత్తకు. నా దగ్గర కష్టాలు చెప్పుకున్నవాళ్లకు వెయ్యి పెంచి పంపేవాణ్ణి. లెక్క చూపినవాళ్లతో బేరమాడాల్సి వచ్చేది.

టాలీ రాణి:
పైన అన్నీ బాగా చెప్పారు. నా అనుభవం ఒకటి. "ముప్పై ఇవ్వండి సార్... కుదరకపోతే ఇరవై ఐదైనా" అన్నాను. ఆయన నోరు తెరవకముందే ఐదు వేలు నేనే తగ్గించేసుకున్నా! ఒక్క అంకె చెప్పి ఊరుకోండి. వేరే చోట ఆఫర్ ఉంటేనే ఆ మాట ఎత్తండి, ఉత్తుత్తిగా బెదిరిస్తే "సరే, వెళ్లమ్మా" అంటే ఏం చేస్తారు?

చేదు కాకర:
కోపంలో మానేయకండి. షాపులో పదిమంది ఉంటే, మీకు ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే డబ్బు) వస్తుంది. చివరి నెల బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి. మీ 22,000 అంతా బేసికే అనుకుంటే ఐదేళ్లకు దాదాపు 63,460. ఇంకో ఎనిమిది నెలలేగా.

బెజవాడ లెక్కలు:
22న వెళ్లాను, కూర్చున్నాను. కాగితం టేబుల్ మీద పెట్టి "29,000 కావాలి సార్" అన్నాను. గొంతు వణికింది, దాచను. సార్ కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశారు, అక్కడేం లేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నోరు తెరిచి 27 అనబోయి ఆగాను, రాణిగారూ మీ పుణ్యమే. "సంక్రాంతి తర్వాత చూద్దాంలే" అన్నారు. "అప్పటిదాకా బిల్లింగ్ ఎవరు చూస్తారు సార్?" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట!

వచ్చే నెల నుంచి 26,000 అన్నారు. "అయితే ఏడింటికి వెళ్లిపోతాను, బిల్లింగ్‌కి మనిషిని పెట్టండి" అన్నాను. మొదటిదానికి సరే అన్నారు, రెండోదానికి నవ్వారు. నిన్న ఏడుంపావుకి లేస్తే సార్ గడియారం చూశారు.

కాకరగారూ, షాపులో ఎనిమిది మందిమి. రోజు కూలీకి వచ్చే హమాలీలు నలుగురున్నారు, వాళ్లు కూడా ఆ పదిమందిలో లెక్కకొస్తారా?