ఒక్కడి వంటకి ఫ్రీజర్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్ చదవడానికి ఈమధ్యే టెక్సాస్ వచ్చాను. స్టూడియో అపార్ట్‌మెంట్‌లో ఒక్కడినే ఉంటున్నా. క్లాసులు, క్యాంపస్ జాబ్ అయ్యి ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతోంది. ఆదివారం వండేసి ఫ్రీజర్‌లో పెట్టుకుందామనుకుంటే, వారం నాటి కూడు తింటావా అని అమ్మ గొడవ. మన వంటల్లో ఏవి ఫ్రీజ్ చేస్తే బాగుంటాయి?

జవాబు 1:
తమ్ముడూ, వండిన కూరలన్నీ డబ్బాలకెత్తి ఫ్రీజర్ నింపకు. మూడో రోజుకే మొహం మొత్తి బయట బర్గర్ కొనుక్కుంటావు, డబ్బాలు అలాగే పడి ఉంటాయి. సగం వంట ఫ్రీజ్ చెయ్యి, మిగతా సగం తినే రోజు చేసుకో.

కందిపప్పుతో మొదలుపెట్టు. రెండు కప్పుల పప్పు, పసుపు మాత్రం వేసి, నీళ్లు తగ్గించి కుక్కర్‌లో గట్టిగా ఉడికించు. ఉప్పు, పులుపు, తాలింపు ఏవీ వద్దు. పూటకొకటి చొప్పున చిన్న డబ్బాలకి సర్దుకో. ఒక రోజు టమాటా పప్పు, ఇంకో రోజు పాలకూర పప్పు. చింతపండు రసం పోస్తే పప్పుచారు, ముక్కలూ సాంబారు పొడీ పడితే సాంబారు. పప్పు కరిగేలోగా పక్క పొయ్యి మీద తాలింపు వేగిపోతుంది. తాలింపు మాత్రం ఏ రోజుకారోజే. ముందే పెట్టి దాచితే ఆ ఘుమఘుమ ఉండదు.

రెండోది ఉల్లి, టమాటా మసాలా. అల్లం వెల్లుల్లితో కలిపి నూనె తేలేదాకా వేయించి, చల్లారాక జిప్‌లాక్ కవర్లో పలచగా పరిచి గడ్డకట్టించు. చాక్లెట్ బార్‌లా కావలసినంత ముక్క విరిచి వాడుకోవచ్చు. కోడిగుడ్లు, క్యాన్ శనగలు, చికెన్, దేనికైనా సరిపోతుంది. ఇంకో లాభం, స్మోక్ అలారం టెన్షన్ వారానికి ఒక్కసారే. ఆ పూట కిటికీ తెరువు, క్లోజెట్ తలుపు మూసెయ్. లేకపోతే జాకెట్లన్నీ పోపు వాసనే.

పూర్తిగా వండి దాచగలిగినవి చికెన్ కూర, కీమా, రాజ్మా. ఇడ్లీలు కూడా భేషుగ్గా ఉంటాయి, తడి పేపర్ టవల్ కప్పి మైక్రోవేవ్ చేస్తే చాలు. బంగాళదుంప ముక్కలు పిండిపిండిగా అయిపోతాయి, సొరకాయ నీరోడుతుంది, మజ్జిగ పులుసు విరుగుతుంది, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరే. వేపుడు తినాలనిపిస్తే ఇండియన్ స్టోర్‌లో కోసిన దొండకాయ, బెండకాయ ఫ్రోజెన్ కవర్లలో దొరుకుతాయి, అప్పటికప్పుడు వేయించుకో.

జవాబు 2:
మొదటి జవాబు ఇచ్చిన అక్క, అన్నం సంగతి వదిలేశారు. అన్నం ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, ఫ్రీజర్‌లో అంతగా పాడవదు. సోనా మసూరి వండి, ఆవిరి పోగానే కప్పు చొప్పున కట్టి పెట్టు. తినేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లి, మూత వదులుగా పెట్టి మైక్రోవేవ్ చెయ్యి.

కుక్కర్‌లో అన్నం రాత్రంతా బయట వదిలేయడం మాత్రం ఇక్కడ మానుకో. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, వెచ్చటి అన్నంలో పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండినది ఏదైనా 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టమని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. పెద్ద గిన్నె లోపల చల్లారడానికి చాలాసేపు పడుతుంది, అందుకే లోతు తక్కువ డబ్బాలు వాడు. ఫ్రిజ్‌లో అయితే 3, 4 రోజులే. ఫ్రీజర్ 0 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే చెడిపోదు కానీ, 3, 4 నెలలు దాటితే రుచి తగ్గుతుంది. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్య దాకా 165 డిగ్రీలు రావాలి, మధ్యలో ఒకసారి కలుపు. ఈ లెక్కలు అమ్మకి కూడా చెప్పు.

జవాబు 3:
గాజు డబ్బా నిండా పప్పుచారు పోయకు బాబూ. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, పైన అర అంగుళం ఖాళీ వదలాలి. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించుకుంటే, చల్లటి గాజు ఒక్కసారిగా వేడెక్కి పగిలే గొడవ ఉండదు. మాస్కింగ్ టేప్ మీద పేరు, తేదీ రాసి అంటించు. గడ్డకట్టాక కీమా ఏదో, మసాలా ఏదో తేల్చలేం.

అక్కతో ఒక్క చోట ఏకీభవించను. పరీక్షల వారంలో రాత్రి తొమ్మిదిన్నరకి తాలింపు పెట్టే ఓపిక ఎవరికుంటుంది? తాలింపుతో సహా రెండు డబ్బాల సాంబారు, రెండు డబ్బాల చికెన్ కూర వెనక అరలో ఎప్పుడూ ఉంచుకో. వాడినప్పుడల్లా ఆ ఆదివారమే మళ్లీ నింపు.