తమ్ముడు గంజాయి గింజలు మొలకెత్తిస్తున్నాడు, ఏం చేయమంటారు?

మాది హనుమకొండ. నిన్న మా తమ్ముడి గది ఊడుస్తుంటే మంచం కింద స్టీల్ టిఫిన్ డబ్బా దొరికింది. మూత తీస్తే తడి గుడ్డలో ఏడు గింజలు, బూడిద రంగు మీద గోధుమ చారలు. రెండింటికి తెల్లటి మొలక కూడా వచ్చింది, అచ్చం పెసర్లకు వచ్చినట్టే. ఆన్‌లైన్‌లో కొన్నాడట. "హెంప్ గింజలు తినడానికి అమ్ముతున్నారు కదక్కా, తప్పేముంది" అంటాడు.

హెంప్ అంటే గంజాయి జాతి మొక్కే, దాని తినే గింజలకు 2021లో అనుమతి వచ్చిన మాట నిజమే. కానీ మొక్క పెంచడం వేరు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) 20వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క పెంచితే 10 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. కుండీలో పెంచినా పెంచినట్టే కదా. వాడింకా డిగ్రీ రెండో సంవత్సరం. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మొలకలను మరిగే నీళ్లలో వేసేశాను. మిగతా గింజల పొట్లం నా దగ్గరే ఉంది. దాన్నేం చేయాలి? డబ్బులు నాన్న ఫోన్‌పే నుంచి కట్టాడు, దాంతో ఆయనకేమైనా ఇబ్బందా? లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వాడు గంజాయి తాగుతున్నాడో లేదో గొడవ పడకుండా ఎలా అడగాలి? ఇంట్లో ఇలాంటిది ఎదురైన అక్కలు, అన్నలు కాస్త చెప్పండి, ప్లీజ్. నాన్నకు ఇంకా చెప్పలేదు.