విజిటర్ పర్మిట్ పెట్టినా జరిమానా వేశారు, ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లెవరైనా చెప్పండి. మా వీధిలో పర్మిట్ ఉన్నవాళ్లే బండి పెట్టాలి. మొన్న శనివారం అక్కా బావగారూ గోంగూర పచ్చడి సీసాతో సహా దిగారు. చుట్టాల బండి కోసం కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) అమ్మే విజిటర్ పర్మిట్ గీకుడు కార్డు మీద తేదీ, నెల గీకి డ్యాష్‌బోర్డు మీద పెట్టా. సంవత్సరం గడి గీకడం మర్చిపోయా! భోజనాలయ్యి బయటికొస్తే వైపర్ కింద కవరు.

14 రోజుల్లోపు కడితే సగమేనట. ఈలోగా అభ్యంతరం రాస్తే, వాళ్లు కాదన్నాక కూడా ఆ సగం రాయితీ ఉంటుందా? కార్డు ఫోటో, కొన్న రసీదు జతచేస్తే ఒప్పుకుంటారా? కారు బావగారి పేరున ఉంది. ఆయన తరఫున నేను రాయొచ్చా? ఆయనేమో తనే కట్టేస్తానంటున్నారు, నాకు తల కొట్టేసినట్టుంది.