వెబ్ సర్వీసును క్యూ మీద పిలవాలా, హెచ్‌టీటీపీ చాలా?

కొత్తకుండ: మాది జావా ఇంటిగ్రేషన్ ప్రాజెక్టు, అంటే వేర్వేరు సిస్టమ్‌లను కలిపే పని: మెసేజులకు దారి చూపే అపాచీ కేమెల్, వెబ్ సర్వీసులకు సీఎక్స్‌ఎఫ్, క్యూలు నడిపే బ్రోకర్ యాక్టివ్‌ఎంక్యూ. గోడౌన్ స్టాక్ చెప్పే పాత సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో మాట్లాడే) సర్వీసు ఒకటుంది, సాయంత్రం లోడ్ పెరిగితే చతికిలపడుతుంది. "హెచ్‌టీటీపీ తీసేసి జేఎంఎస్ మీద పెట్టండి, అన్నీ సర్దుకుంటాయి" అని మా ఆర్కిటెక్ట్ పట్టు. జేఎంఎస్ అంటే జావాలో మెసేజులను క్యూ ద్వారా పంపి అందుకునే పద్ధతి. స్క్రీన్ ముందు మనిషి జవాబు కోసం కూర్చునే కాల్ ఇది. ఏమంటారు?

క్యూపక్షం: మీ ఆర్కిటెక్ట్ మాట సరైనదే. సర్వీసు పది నిమిషాలు పడిపోయినా మెసేజులు క్యూలో భద్రంగా ఉంటాయి, లేచాక దాని వేగంలో అది తీసుకుంటుంది. ఇదేమీ నాటు వైద్యం కాదు. సోప్ ఓవర్ జేఎంఎస్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 2012లోనే రికమెండేషన్ చేసింది. సీఎక్స్‌ఎఫ్‌లో అడ్రసు మారిస్తే చాలు, కోడ్ పెద్దగా ముట్టుకోనక్కర్లేదు.

రాత్రిడ్యూటీ: భద్రంగానే ఉంటాయి అన్నా, కానీ ఎవరి కోసం? పది నిమిషాల తర్వాత వచ్చే స్టాక్ లెక్క చూడ్డానికి ఆ మనిషి అక్కడ ఉండడు కదా. ఉత్తరం డబ్బాలో వేసి, జవాబొచ్చేదాకా డబ్బా పక్కనే నిలబడ్డట్టుంది.

నా అనుభవం చెప్తాను. జేఎంఎస్ మీద జవాబు కోసం కేమెల్ ఆగేది డిఫాల్టుగా 20 సెకన్లు. అదే 20 సెకన్లను మెసేజ్ ఆయుష్షుగా కూడా రాసి పంపుతుంది, ఈ సంగతి మాకు తెలీదు. కన్స్యూమర్ (క్యూ నుంచి మెసేజ్ తీసుకునే ప్రోగ్రాం) నడిచే సర్వర్ గడియారం అర నిమిషం ముందుకి జరిగింది. ఇంకేముంది, మెసేజ్ పుట్టేసరికే కాలం చెల్లింది! లాగ్‌లో ఎర్రర్ లేదు, పంపేవైపు టైమౌట్ తప్ప. తెల్లారేదాకా నెట్‌వర్క్ టీమ్‌ని తిట్టుకున్నాం, పాపం.

ఇంకోటి. ట్రాన్సాక్షన్ (అంతా కలిపి ఒకేసారి ఖాయమయ్యే పని) లోపలే రిక్వెస్ట్ పంపి, అక్కడే రిప్లై కోసం కాచుకుంటే అది జన్మలో రాదు. కమిట్ (ఖాయం) అయ్యేదాకా మెసేజ్ బ్రోకర్ గడప దాటదు, రిప్లై వచ్చేదాకా మీరు కమిట్ చెయ్యరు. దీన్ని కోడ్ రివ్యూలో ముగ్గురం చూసి కూడా వదిలేశాం.

క్యూపక్షం: గడియారం తప్పు క్యూ మీదికి నెట్టకు తమ్ముడూ, సర్వర్ల గడియారాలు కలిపి ఉంచే ఎన్‌టీపీ పెట్టుకోకపోతే ఎవరేం చేస్తారు? హెచ్‌టీటీపీలో మాత్రం టైమౌట్ రాదా? వచ్చినప్పుడు అవతల పని జరిగిందో లేదో అక్కడా తెలీదు.

రాత్రిడ్యూటీ: అది ఒప్పుకుంటాను. కానీ క్యూలో అది ఇంకా ముదురుతుంది. యాక్టివ్‌ఎంక్యూ డిఫాల్టుగా ఆరుసార్లు మళ్లీ ఇచ్చి చూసి, ఆ తర్వాతే డీఎల్‌క్యూలో (చేర్చలేకపోయిన మెసేజుల క్యూ) పడేస్తుంది. సర్వీసు డేటాబేసులో రాసేసి, జవాబు పంపబోతూ కూలిపోయిందనుకో, లేచాక అదే మెసేజ్ మళ్లీ అందుకుని రెండోసారి రాస్తుంది.

మధ్యవర్తి: ఒక చిన్న మాట. జేఎంఎస్ అనేది జావా ఏపీఐ (కోడ్‌లో వాడే పిలుపుల సెట్), వైర్ మీద నడిచే ప్రోటోకాల్ కాదు. అవతల డాట్‌నెట్ (జావా కాదు, మైక్రోసాఫ్ట్‌ది) వాళ్లుంటే "అడ్రసు మారిస్తే చాలు" కుదరదు. కొత్తకుండ గారూ, ఆ సర్వీసులో స్టాక్ చూడటం ఒక్కటేనా?

కొత్తకుండ: రెండున్నాయండీ. ఒకటి స్టాక్ చూపించడం, రెండోది ఆర్డర్ నమోదు. లాగ్ చూస్తే సాయంత్రం కాల్స్‌లో ఎక్కువ భాగం మొదటిదే.

మధ్యవర్తి: అయితే స్టాక్ హెచ్‌టీటీపీ మీదే ఉంచి, దాని ముందు కాసేపటి క్యాష్ (వచ్చిన జవాబును దాచి మళ్లీ ఇచ్చేది) పెట్టండి. ఆర్డర్ ఒక్కటే క్యూలోకి పంపండి, అదీ జవాబు కోసం ఆగకుండా. "మీ ఆర్డర్ అందింది" అని నంబరిచ్చేసి, ఖరారైంది తర్వాత చెప్పొచ్చు.

క్యూపక్షం: ఆర్డర్ వరకు నేను మొదట్నుంచీ అదే అంటున్నా.

రాత్రిడ్యూటీ: అనలేదు అన్నా, పైకెళ్లి చదువుకో :) కొత్తకుండా, ఆర్డర్ నంబరు మీద ఐడెంపొటెంట్ కన్స్యూమర్ (ఒకసారి చూసిన నంబరు మళ్లీ వస్తే వదిలేసేది) పెట్టడం మర్చిపోకు. దాని రిపాజిటరీ, అంటే చూసిన నంబర్ల జాబితా, మెమరీలో పెట్టావంటే రీస్టార్ట్‌తో మొత్తం మర్చిపోతుంది. డేటాబేస్ టేబుల్లో పెట్టు.