చంక బిళ్లలకు రేడియేషన్ లేని ప్రోబ్: మన దగ్గర ఎందుకు కొనరు?

బ్రాడీపేట_బుజ్జి: రొమ్ము క్యాన్సర్ చంకకి పాకిందేమో చూడ్డానికి ముందు మొదటి బిళ్ల (సెంటినల్ నోడ్, పాకితే ముందుగా చేరే బిళ్ల) తీసి పరీక్షిస్తారు. దాన్ని వెతకడానికి టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి, ఆ రేడియేషన్‌ని పసిగట్టే గామా ప్రోబ్ అనే పరికరం వాడతారు. ఇప్పుడు ఇనుప రేణువుల మందు, చేత్తో పట్టుకునే అయస్కాంత ప్రోబ్ కూడా వచ్చాయి. అమెరికాలో 2018లోనే అనుమతిచ్చారు. గుంటూరు, బెజవాడల్లో ఎందుకు కొనరు?

సూర్యారావుపేట_శాస్త్రి: 'రేడియేషన్ లేనిది' అని ఊదరగొట్టకు బాబూ. టెక్నీషియం 6 గంటలకి సగమైపోతుంది. మోతాదు కూడా చాలా తక్కువ. ఆ సిరంజీలు పట్టుకునే రిటైరయ్యాను, ఇదిగో బానే ఉన్నా.

బుజ్జి: మీ ఆరోగ్యం గురించి కాదండీ. ఆపరేషన్ వాయిదా పడితే ఆ మందు వృథా. ఇనుము మందైతే రోజుల ముందే ఎక్కించొచ్చు.

మంగళగిరి_మావయ్య: స్కాన్‌కే వారం లైను. ప్రోబులట!

లక్ష్మీపురం_లత: అది క్యాన్సర్‌ని కనిపెడుతుందా? ఒక్క ముక్కలో చెప్పండి.

శాస్త్రి: కనిపెట్టదమ్మా. మందు చేరిన బిళ్ల ఎక్కడుందో కూత పెట్టి చూపిస్తుంది, అంతే. తేల్చేది మైక్రోస్కోప్. పైగా ప్రోబ్ దగ్గర స్టీలు పనిముట్లు పనికిరావు. తర్వాత ఎంఆర్‌ఐలో ఆ చోటు నల్లగా పడొచ్చు. చర్మం మీద గోధుమరంగు మరక నెలల తరబడి ఉండొచ్చు.

బుజ్జి: మరకా? 2019లో మా అక్కకి ఇక్కడే ఒకచోట బిళ్లలన్నీ ఊడ్చేశారు. ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదని రిపోర్టు. బిళ్లలు పోయాక నీరు దిగక ఇప్పుడు ఎడమచెయ్యి వాచి గాజులెక్కవు. జాకెట్టు కుట్టే ఆయన రెండు చేతులకీ రెండు కొలతలు రాసుకుంటాడు. మీరు మరక గురించి చెప్తారేంటి!

శాస్త్రి: అయ్యో. కానీ దానికి గామా ప్రోబ్ ఉన్నా సరిపోయేది. అదీ లేకపోతే నీలం మందుతోనైనా వెతికేవాళ్లు. అది యంత్రం లేక జరిగింది కాదు. ఆ సర్జన్ వెతకలేదు, అంతే.

బుజ్జి: నేను ఏడుస్తున్నదీ అందుకే! ఇలాంటి పరీక్ష ఒకటుందని మాకెవరూ చెప్పలా. మీరేమో పొద్దుట్నించీ 6 గంటల లెక్క చెప్తున్నారు.

శాస్త్రి: మరి పైన 'ఎందుకు కొనరు' అని పెట్టావేం?

లత: మీ గొడవ తర్వాత. మంగళవారం మా పిన్నికి ఆపరేషన్. డాక్టర్ని ఏమడగాలి?

శాస్త్రి: చంక స్కాన్‌లో ఏం లేకపోతే, మొదటి బిళ్ల ఒక్కటే తీసి చూస్తారా? దేంతో వెతుకుతారు? పిన్ని ఆపరేషన్ టేబుల్ మీదుండగానే రిపోర్టు వస్తుందా? ఈ మూడూ అడుగు.

బుజ్జి: వెళ్లేముందు పిన్నిగారి రెండు చేతులూ టేపుతో కొలిచి రాసిపెట్టండి, తర్వాత వాస్తే తెలుస్తుంది. మేం కొలవలేదు.